పదిహేను, డెబ్భై ఎనిమిది: ఫోన్‌లో పటాలతో గుత్తి నుంచి గండికోట దాకా

మొదటి రోజు: గుత్తి

రాత్రి కాచిగూడలో ఎక్కిన రైలు తెల్లారకముందే గుత్తిలో దించింది. చలిగా ఉంది. టీ సంగతి తర్వాత చూద్దామని నేరుగా ప్లాట్‌ఫారం చివరి పసుపు బోర్డు దగ్గరికి నడిచాను. మన స్టేషన్ బోర్డుల మీద ఊరి పేరు కింద సముద్ర మట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది. దాని పక్కనే నిలబడి ఫోన్‌లో జీపీఎస్ టెస్ట్ యాప్ తెరిచాను. ఉచితంగా దొరికే ఈ యాప్ ఎత్తును రెండు రకాలుగా చూపిస్తుంది. ఒక అంకె బోర్డు మీది అంకెకు దగ్గరగా ఉంది. రెండోది దానికన్నా 80 మీటర్లకు పైగా తక్కువ.

రెండూ తప్పు కావు. ఉపగ్రహ సంకేతాలతో ఎత్తును లెక్కించేది, గణితం కోసం భూమిని ధ్రువాల దగ్గర కాస్త నొక్కిన నున్నటి బంతిలా ఊహించుకున్న ఉపరితలం నుంచి. నిజమైన సముద్ర మట్టం అంత నున్నగా ఉండదు. గురుత్వాకర్షణ ఎక్కడ తక్కువైతే అక్కడ కిందికి దిగుతుంది. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో అది సుమారు 106 మీటర్లు దిగిపోయి ఉంది. ప్రపంచంలో అంతకన్నా లోతైన పల్లం ఇంకోటి లేదు. దక్షిణ భారతమంతా ఆ పల్లం వాలు మీదే ఉంది. అందుకే సవరణ చేయని యాప్‌తో చెన్నై మెరీనా ఇసుకలో నిలబడితే, సముద్రానికి 80, 90 మీటర్ల కింద ఉన్నట్టు చూపిస్తుంది. కంగారు పడక్కర్లేదు.

మా మేనల్లుడు అనంతపురంలో జియాలజీ ఎమ్మెస్సీ చదువుతున్నాడు. బైక్ మీద వచ్చి స్టేషన్ బయట నిలబడ్డాడు.

"మామా, బోర్డుకు దండం పెట్టుకోవడం అయిందా?"

వాడికి నా అలవాట్లు తెలుసు. బైక్ హ్యాండిల్‌కు వాడు తగిలించింది కొత్త ఫోన్ కాదు, సిమ్ కూడా లేని పాత ఫోన్. బైక్ ఇంజిన్ అదురుకు కొత్త ఫోన్ల కెమెరాలో వణుకును ఆపే భాగాలు పాడవుతాయి. పైగా దారి చూపడానికి సిమ్‌తో పని లేదు. ఉపగ్రహాల సంకేతం ఫోన్‌కు నేరుగా వస్తుంది. ఇంటర్నెట్ కావలసింది పటం దించుకోవడానికే. ఓఎస్ఎమ్‌ఆండ్, ఆర్గానిక్ మ్యాప్స్ అనే పటాల యాప్‌లు రెండింటిలోనూ రాష్ట్రం మొత్తం పటం ముందే దించి పెట్టుకున్నాడు. నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లను కూడా ఇంట్లో క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో అక్షాంశ రేఖాంశాలకు సరిచేసి, ఓఎస్ఎమ్‌ఆండ్‌లో పైపొరగా ఎక్కించాడు. ఒకప్పుడు ఆ షీట్లు చేతికి రావాలంటే దరఖాస్తులు, సంతకాలు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల మీద ఆంక్షలు చాలావరకు ఎత్తేశాక ఆ బాధ తగ్గింది.

కోట ఎక్కాం. కింది మైదానం నుంచి పైకి సుమారు 300 మీటర్లు. మెట్ల దారి, ఒకదాని తర్వాత ఒకటి ద్వారాలు, పైన ఒకప్పుడు ఈ కోటను ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు కూర్చునేవాడని చెప్పే చిన్న మంటపం. ఈ ఎక్కుడులో మేం నమ్మింది జీపీఎస్‌ను కాదు, గాలి పీడనాన్ని బట్టి ఎత్తు చెప్పే ఫోన్‌లోని బారోమీటర్‌ను. అన్ని ఫోన్లలో ఇది ఉండదు, కొనేముందు చూసుకోవాలి. ఇక్కడి ఎత్తులో ప్రతి 9 మీటర్లకు సుమారు ఒక హెక్టోపాస్కల్ పీడనం పడిపోతుంది. మెట్టు మెట్టుకూ అంకె తగ్గుతూ ఉంటే కాళ్ళ నొప్పి తెలియలేదంటే అబద్ధమే కానీ, కొంత మరుపు మాత్రం దొరికింది.

పైన రాతి మీద ఫోన్ పెట్టేసి సాయంత్రం దాకా అక్కడే తిరిగాం. పది గంటలప్పుడు చూపిన ఎత్తు కన్నా నాలుగింటికి 30 మీటర్ల దాకా పెరిగింది. ఫోన్ ఉన్నచోటి నుంచి కదల్లేదు. సముద్రానికి ఆటుపోట్లు ఉన్నట్టే గాలికీ ఉన్నాయి. మన ఉష్ణమండలంలో పీడనం రోజూ ఉదయం పది ప్రాంతంలో బాగా పెరిగి, మధ్యాహ్నం నాలుగు ప్రాంతంలో బాగా తగ్గుతుంది. తేడా మూడు, నాలుగు హెక్టోపాస్కల్స్. తుఫాను వస్తే ఇంకా పెద్ద మార్పు. కాబట్టి బారోమీటర్‌ను గంట లోపలి పనికే నమ్మాలి. తెలిసిన ఎత్తు కనిపించినప్పుడల్లా సరిచేసుకోవాలి.

గుత్తినే మొదటి మజిలీగా ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. 1802 ఏప్రిల్ 10న మద్రాసులో బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణ సర్వే ఉత్తరానికి జరుగుతూ వచ్చి, 1811లో గుత్తి దగ్గర ఒక ఆధార రేఖను, అంటే త్రికోణాల లెక్కకు పునాదిగా నేల మీద నేరుగా కొలిచే గీతను, కొలిచింది. వాళ్ళ చేతిలో ఉన్నది 100 అడుగుల ఉక్కు గొలుసు. ఎండకు ఉక్కు సాగుతుంది కాబట్టి పక్కన థర్మామీటర్లు పెట్టి, ప్రతి కొలతకూ ఉష్ణోగ్రతను బట్టి సవరణ చేసేవారు. కోణాలు కొలిచే పెద్ద థియోడొలైట్ బరువు అర టన్ను. దాన్ని మనుషులు మోసుకుంటూ దక్షిణాదంతా తిరిగారు.

"మన జేబులో ఉన్నది దానికన్నా గొప్పదా మామా?" అన్నాడు వాడు.

కోణాల విషయంలో కానే కాదు. ఫోన్‌లోని కోణమాపకం ఒక డిగ్రీ అటూఇటూ తప్పు చూపినా ఆశ్చర్యం లేదు. లాంబ్టన్ పరికరం సెకన్లలో లెక్క తేల్చేది. డిగ్రీలో 3,600వ వంతు సెకను. ఆయన ప్రతి అంకె పక్కనా ఎంత తప్పు ఉండొచ్చో ఆలోచించాడు. మనం తెర మీద అంకె కనబడగానే నమ్మేస్తాం. నాకు ఈ తిరుగుళ్ళలో అసలు సరదా అక్కడే ఉంది. ఫోన్ చెప్పేదాంట్లో ఏ అంకె దాకా నమ్మొచ్చో, ఏ అంకె దగ్గర ఆగిపోవాలో నేల మీద నిలబడి తేల్చుకోవడం.

రెండో రోజు: తాడిపత్రి, ఒక శనగచేను

గుత్తి నుంచి తాడిపత్రి 50 కిలోమీటర్ల పైచిలుకు. దారిలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. తాడిపత్రి దగ్గర పడేకొద్దీ నల్లబండల పాలిష్ యూనిట్లు, రోడ్డు వారన తెల్లటి రాతి బురద. చింతల వెంకటరమణస్వామి గుడిలో రాతి రథం చూశాం. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి దగ్గర శివలింగం కింద ఊరే నీరు చూశాం. నదిలో మాత్రం ఇసుకే. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, ముందు ఉత్తరానికి వచ్చి, తర్వాత తూర్పుకు తిరిగి, 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే నది ఇది. ఆ మలుపును పటంలో వేలితో గీసి చూస్తే, ఈ నేల వాలు ఎన్ని రకాలుగా మనసు మార్చుకుందో తెలుస్తుంది.

మా అసలు గమ్యం తాడిపత్రికి ఉత్తరాన సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఊరు కాదు, గుడి కాదు. 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల తూర్పు రేఖాంశం కలిసే చోటు. ఇలాంటి పూర్ణాంకాల కూడళ్ళకు వెళ్ళి ఫోటోలు తీసి పంచుకునే పని 1996లో అమెరికాలో అలెక్స్ జారెట్ అనే ఆయన మొదలుపెట్టాడు. అక్కడ చూడటానికి ఏముంటుందని అడిగేవాళ్ళకు జవాబు చెప్పడం కష్టం. ఏమీ ఉండదు. కానీ ఈ కూడలి మామూలుది కాదని నా వాదన.

పాత టోపోషీట్ల లెక్కలో 12 నుంచి 16 అక్షాంశాలు, 76 నుంచి 80 రేఖాంశాల మధ్య ఉన్న నేలంతా 57వ నంబరు. దాన్ని ఒక్కో డిగ్రీ చొప్పున పదహారు గళ్ళు చేసి ఇంగ్లీషు అక్షరాలు పెట్టారు. మేం వెళ్ళే చోట 57 ఇ, 57 ఎఫ్, 57 ఐ, 57 జె నాలుగూ మూల కలుపుతాయి. కాగితం రోజుల్లో ఈ చుట్టుపక్కల తిరగాలంటే నాలుగు వైపుల షీట్లూ కొని అంటించుకోవాల్సిందే. అంతేకాదు, మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో భూమిని ఆరేసి డిగ్రీల వెడల్పున 60 నిలువు పట్టీలు చేశారు. 43వ పట్టీ 78వ రేఖాంశం దగ్గర ముగుస్తుంది, 44వది అక్కడ మొదలవుతుంది. మా మేనల్లుడి అనంతపురం 43లో ఉంది, నా హైదరాబాద్ 44లో ఉంది. ఇద్దరం సరిహద్దుకు వచ్చామన్నమాట.

మట్టి బాట వదిలి నడక మొదలుపెట్టాక చేతి జీపీఎస్ బయటికి తీశాం. గార్మిన్ ఈట్రెక్స్, రెండు పెన్సిల్ సెల్స్‌తో రోజంతా నడుస్తుంది, ఎండలో తెర బాగా కనిపిస్తుంది. ఫోన్లు వచ్చాక ఇవి ఎందుకన్నవాళ్ళు మే నెలలో రాయలసీమకు వచ్చి, వేడికి ఆరిపోయిన ఫోన్‌ను చూసి మాట్లాడాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే రకం పరికరాలు వేరు. మన దేశంలో అనుమతి లేకుండా వాటిని వెంట తిప్పితే పోలీసు కేసుల దాకా వెళ్ళొచ్చు. విదేశాల నుంచి వచ్చే మనవాళ్ళు సంచిలో పడేసుకుని తేవద్దు.

నల్లబండలు నిలువునా పాతిన కంచె దాటబోతుంటే శనగచేలోంచి ఒక రైతు కేకేశాడు.

"ఎవురు సార్ మీరు? మళ్ళా రీసర్వేనా?"

ఆయన అనుమానం సబబే. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలయ్యాక, చేతిలో పరికరం పట్టుకుని గట్ల మీద తిరిగేవాళ్ళంటే రైతులకు టెన్షన్. మేం సరదాకి వచ్చామని చెప్పాం. నమ్మలేదు. ఫోన్ తెర చూపించి, పదిహేను, డెబ్భై ఎనిమిది రెండూ మీ చేలో కలుస్తాయంటే నవ్వాడు.

"కలిస్తే ఏమొస్తాది సార్?"

ఏమీ రాదన్నాం. అప్పుడు నమ్మకం కుదిరి గట్టు మీదుగా లోపలికి పిలిచాడు. మొక్కలు తొక్కకుండా నడవమన్నాడు.

చివరి కొన్ని మీటర్లే కష్టం. తెర మీద 14.99997 అని వస్తుంది. ఒక అడుగు ముందుకేస్తే 15.00001. దశాంశం తర్వాత ఐదో అంకె ఒకటి మారితే నేల మీద సుమారు 1.1 మీటర్లు. మంచి ఫోన్ ఆరుబయట ఇచ్చే ఖచ్చితత్వం మూడు నుంచి ఐదు మీటర్లు. అంటే ఐదో అంకె చెప్పేది నిజం కాదు, గాలివాటం. నాలుగో అంకె దాకా నమ్మొచ్చు. అన్ని సున్నాలూ ఒకేసారి రావాలని మా వాడు ముందుకూ వెనక్కీ అడుగులేస్తూ చాలాసేపు గడిపాడు. రైతు గట్టు మీద కూర్చుని, మా రీసర్వే వాళ్ళు ఇట్లా ఆడలేదే అన్నాడు.

ఎందుకు ఆడలేదంటే వాళ్ళ దగ్గర ఉన్నది రోవర్ అనే సర్వే జీపీఎస్ పరికరం. ఎక్కడో ఒకచోట స్థిరంగా పాతిపెట్టిన స్టేషన్ తన చోటు తనకు ముందే తెలుసు కాబట్టి, ఉపగ్రహ సంకేతాలు ఆ క్షణాన ఎంత తప్పుతున్నాయో లెక్కగట్టి పంపుతుంటుంది. రోవర్ ఆ తప్పును తీసేసుకుంటుంది. అందుకే దానికి సెంటీమీటర్లలో లెక్క తేలుతుంది. ఇది చెబితే రైతు వెంటనే అసలు విషయానికొచ్చాడు. "అట్లయితే నా ఫోన్లో గట్టు కొల్చుకోని పక్కోనితో కొట్లాడకూడదంటావు." అంతే, సరిగ్గా అదే. అరెకరం గొడవకు ఐదు మీటర్ల తప్పు చాలు.

యూటీఎం అంకెలు పెట్టి ఒక్క అడుగు దాటితే, పట్టీలో తూర్పుగా ఎన్ని మీటర్లలో ఉన్నామో చెప్పే అంకె 8,22,000 చిల్లర నుంచి 1,77,000 చిల్లరకు దూకింది. రెండు పట్టీల మీద పడే ఊరికి ఎవరైనా పటం గీస్తే మొదట వచ్చే చిక్కు ఇదే. మా వాడికి ఈ దూకుడు ఎంత నచ్చిందంటే, అటూ ఇటూ దూకుతూ వీడియో తీయించుకున్నాడు.

తర్వాత డిజిపిన్ చూశాం. తపాలా శాఖ, ఐఐటీ హైదరాబాద్, బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్సీ) కలిసి తయారుచేసి 2025లో బయటపెట్టిన పద్ధతి. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్ల గళ్ళుగా చేసి ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. ఇప్పుడు మీ చేనుకు కూడా అడ్రసు ఉందని రైతుకు చూపించాం.

"అంటే పోస్టుమ్యాన్ శనగచేలోకి వస్తాడా?"

అంబులెన్స్ అయితే పనికొస్తుందన్నాను. దానికి ఆయన నవ్వలేదు, తల ఊపాడు. పాము కరిచినవాణ్ణి రోడ్డు దాకా మోసుకొచ్చిన సంగతి చెప్పాడు. ఊరి పేరు చెబితే బండి ఊళ్ళోకి వెళ్ళిందట. మనిషి చేలో ఉన్నాడట. నాలుగు మీటర్ల గడి ఎవరికి కావాలో అప్పుడు నాకూ బాగా అర్థమైంది.

మూడో రోజు: బెలూం

తాడిపత్రి నుంచి 30 కిలోమీటర్లు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలం. చదునైన మెట్టనేల. గుహలున్నట్టు పైన ఏ జాడా లేదు, నేలలో నూతుల్లాంటి గుంతలు తప్ప. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో ఈ గుహల గురించి రాశాడు. తర్వాత దాదాపు వందేళ్ళు ఎవరికీ పట్టలేదు. 1982, 83లో జర్మనీ నుంచి గెబావర్ బృందం వచ్చి లోపలంతా కొలిచింది. కనుగొన్న పొడవు 3,229 మీటర్లు. 2002లో జనానికి తెరిచారు. ఇప్పుడు లోపల సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు తిరగొచ్చు.

మెట్లు దిగి పది అడుగులు వేయగానే ఫోన్ నుంచి ఉపగ్రహాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ట్రాక్ రికార్డు చేసే యాప్ మాత్రం ఓటమి ఒప్పుకోదు. బయట చివరిసారి దొరికిన చోటు చుట్టూ పిచ్చిగీతలు గీస్తూ పోయింది. ఇంటికొచ్చి చూస్తే మేం ఎకరం పొలంలో పిచ్చెక్కి పరుగెత్తినట్టుంది. ఇలాంటి చోట ట్రాకింగ్ ఆపేయడమే మేలు, బ్యాటరీ అయినా మిగులుతుంది.

నేల కింద చేసే పటం పద్ధతే వేరు. ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు దూరం, దిక్కు, వాలు. ఈ మూడు అంకెలు చాలు. కొలుస్తూ, రాసుకుంటూ, ముందుకు పోవడమే. గెబావర్ బృందం టేపు, కంపాస్‌తో చేసిన కాలానికి ఇప్పటికి తేడా ఏమిటంటే, స్విట్జర్లాండ్‌కు చెందిన ఒక గుహాన్వేషకుడు లేజర్ దూరమాపకంలోనే కంపాస్, వాలుమాపకం ఇమిడ్చాడు. డిస్టో ఎక్స్ అంటారు. ఒక్క మీట నొక్కితే మూడు అంకెలూ బ్లూటూత్‌లో ఫోన్‌లోని టోపోడ్రాయిడ్ యాప్‌కు వెళ్ళి గీతలవుతాయి. మా దగ్గర అంత లేదు. వడ్రంగులు వాడే మామూలు లేజర్ దూరమాపకం, బద్దకు బిగించిన కంపాస్ ఒకటి. సందర్శకులకు అడ్డం రాకుండా, గైడు అనుమతితో, ఒక చిన్న మార్గం దాకా కొలిచాం.

దూరాలు అద్భుతంగా వచ్చాయి. దిక్కులే కుదరలేదు. ఇనుప రెయిలింగు దగ్గర కంపాస్ ముల్లు ఒక వైపుకు ఒరిగిపోతుంది. కరెంటు తీగల దగ్గర ఇంకో వైపుకు. రెయిలింగుకు రెండు మీటర్లు ఎడంగా నిలబడ్డాకే ఒకే అంకె రెండుసార్లు వచ్చింది. ఫోన్ కంపాస్ అయితే ఇంకా సున్నితం. వెనక అయస్కాంతం ఉన్న కవరు తగిలించుకుని దిక్కులు చూసేవాళ్ళను నేను ఎందరినో చూశాను. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన ప్రాంతంలో తేడా సుమారు ఒక డిగ్రీయే కాబట్టి ఆ సవరణ గురించి దిగులు అక్కర్లేదు. కవరు మాత్రం తీసేయాలి.

పాతాళగంగ దగ్గరికి దిగాం. గుహల్లో అన్నిటికన్నా లోతైన చోటు, ప్రవేశం నుంచి 46 మీటర్ల కింద. ఉక్కపోత. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. బారోమీటర్ పైకీ కిందికీ మధ్య ఐదు హెక్టోపాస్కల్స్ పైన తేడా చూపింది. గుణిస్తే 46కు రెండు మూడు మీటర్ల దగ్గరలో తేలింది. గుత్తిలో సాయంత్రానికి 30 మీటర్లు తప్పిన అదే పరికరం ఇక్కడ ఇంత దగ్గరగా రావడానికి కారణం, దిగడానికి పట్టిన సమయం తక్కువ కావడమే. ఉపగ్రహం అందని చోట గాలి బరువు అందుకుంది.

నర్జి సున్నపురాయిలో నీరు సందులు చేసుకుంటూ పోయిన తీరు గురించి మా వాడు గైడుకే పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. గైడు ఓపికగా విని, సప్తస్వరాల గుహలో రాయి మీద కర్రతో కొట్టి చూపించి, ఇది మీ ఫోన్లో వస్తుందా బాబూ అన్నాడు. రికార్డు చేశాం. వచ్చింది, కానీ వినడానికి రేకు డబ్బా చప్పుడులా ఉంది.

నాలుగో రోజు: గండికోట

జమ్మలమడుగు మీదుగా గండికోట చేరేసరికి మధ్యాహ్నం. కోట లోపల మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం చూసుకుంటూ లోయ అంచుకు వెళ్ళాం. ఎర్రటి బండలు పేర్చినట్టుండే గోడల మధ్య, బాగా కింద, పెన్న. ఈ రాయిని చాలామంది గ్రానైట్ అని రాసేస్తారు. కాదు, క్వార్ట్‌జైట్. ఒకప్పటి ఇసుక గట్టిపడి రాయైనది. పుస్తకాల్లో దీన్ని గండికోట క్వార్ట్‌జైట్ అనే పిలుస్తారు. జియలాజికల్ సర్వే వారి భూకోశ్ పోర్టల్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. పటం మీద వేలు పెడితే కింద ఏ రాయి ఉందో చెబుతుంది. సైటు నెమ్మది, ఓపిక కావాలి, కానీ సమాచారం బంగారం.

ఇక్కడే మా వాడికి ఒక ముఖ్యమైన విషయం చూపించాను. ఓఎస్ఎమ్‌ఆండ్‌లో ఎత్తుగీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, వాలు ఎక్కువైతే దగ్గరవుతాయి) ఆన్ చేసి లోయ అంచున నిలబడమన్నాను. తెర మీద గీతలు ఎడంగా ఉన్నాయి. ఏదో మామూలు వాలు, మెల్లగా నడిచి దిగొచ్చన్నట్టు. ఎదురుగా చూస్తే నిట్టనిలువు గోడ. యాప్‌ల ఎత్తుగీతల్లో చాలావాటికి మూలం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక రాడార్‌తో పదకొండు రోజుల్లో సేకరించిన కొలతలు. వాటిలో ఒక్కో చుక్క నేల మీద 30 మీటర్లు, కొన్నిచోట్ల 90. ఇరుకు లోయలో ఒక చుక్కలో కొండ అంచు, పక్క చుక్కలో నీరు పడితే, మధ్యలోని గోడ వాలుగా మారిపోతుంది. ఇస్రో వారి భువన్ పోర్టల్‌లో దొరికే కార్టోశాట్ ఉపగ్రహ ఎత్తులకు కూడా 30 మీటర్ల చుక్కే. పటంలో దారి ఉంది కదా అని చీకట్లో నడిచేవాళ్ళకు ఇది ప్రాణాల మీదికి తెచ్చే విషయం. గండికోట అంచున చాలాచోట్ల రెయిలింగు లేదు.

లోతు మేమే కొలిచాం. లేజర్ దూరమాపకం ఆ దూరానికి అందదు, పైగా ఎండలో దాని చుక్క కనిపించదు. ఉపగ్రహ చిత్రం మీద లోయ వెడల్పు కొలిచి, ఎదుటి గోడ అడుగున నీటి అంచుకు ఫోన్ కోణమాపకంతో కిందికి కోణం చూసి, పదో తరగతి త్రికోణమితితో గుణించాం. 90 మీటర్లకు అటూ ఇటూగా వచ్చింది. టూరిస్టు గైడ్లు చెప్పే 300 అడుగులూ అదే. కోణంలో ఒక డిగ్రీ మారిస్తే జవాబు నాలుగైదు మీటర్లు మారుతోంది. కాబట్టి 91 అనో 88 అనో చెప్పడం డాబే. డ్రోన్ ఉంటే బాగుండేదని మా వాడి బాధ. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల దగ్గర అనుమతి లేకుండా ఎగరేయకూడదు, బాధ మింగమన్నాను.

రాత్రి గుడారాల దగ్గర దీపాలు తగ్గాక ధ్రువనక్షత్రం కొలిచాం. నక్షత్రం క్షితిజం నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే మనం దాదాపు అన్ని డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నట్టు. గండికోట 14.8. ఆకాశ పటం చూపే స్టెల్లేరియం యాప్ సాయంతో నక్షత్రాన్ని గుర్తుపట్టాం. మన దగ్గర అది చాలా కిందుగా, మసకగా ఉంటుంది, తెలియనివాళ్ళు అసలు చూడనే చూడరు. ఫోన్ అంచు వెంట గురిచూసి కోణం చదివితే ఒకసారి 14, ఒకసారి 16, మళ్ళీ 15 పైన. ఒక డిగ్రీ అంటే నేల మీద 111 కిలోమీటర్లు. ఒకవైపు తప్పితే కర్నూల్లో ఉన్నట్టు, ఇంకోవైపు తప్పితే కదిరి దాటి ఉన్నట్టు.

"ఉపగ్రహం ఐదు మీటర్లు తప్పిందని మొన్నంతా తిట్టావు మామా" అని వాడు నవ్వాడు. అది నిజమే, కానీ ఈ కొలతకు ఉపగ్రహం, సిమ్, పటం ఏవీ అక్కర్లేదు కదా. సముద్రంలో నావికులు వందల ఏళ్ళు దీంతోనే బతికారు. వాడు ఒప్పుకోలేదు. ఇంకో పది కొలతలు తీసి సగటు కడతానని మంచులో కూర్చున్నాడు. నేను పడుకున్నాను. పొద్దున అడిగితే 15.1 అన్నాడు, గర్వంగా.

అయిదో రోజు: కొండాపురం

కోటకు ఎగువన గండికోట జలాశయం ఉంది. ముందు రోజు రాత్రే గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్‌లో 1984 నుంచి ఈ ప్రాంతం చూశాం. ఏళ్ళ తరబడి సన్నటి ఇసుక గీతగా ఉన్న పెన్న, చివర్లో కొద్ది క్షణాల్లో పెద్ద నీలి మచ్చగా పరుచుకుంటుంది. యూరప్ వారి సెంటినెల్ 2 ఉపగ్రహ చిత్రాలు అయిదు రోజులకోసారి కొత్తవి వస్తాయి. అవి చూస్తే నీరు ఏ వారం ఎంత పెరిగిందో కూడా తెలుస్తుంది. 10 మీటర్ల చుక్కల్లో ఇళ్ళు మాత్రం కనిపించవు.

కొండాపురం దగ్గర టీ తాగుతూ మా వాడు ల్యాప్‌టాప్‌లో అదే చూస్తున్నాడు. పక్క బల్ల మీది పెద్దాయన కాసేపు చూసి అడిగాడు.

"నాయనా, దీంట్లో తాళ్ళప్రొద్దుటూరు కనపడతాదా? నీళ్ళల్లో పోయినాది, మా ఊరు."

2020లో జలాశయంలో నీటిమట్టం పెంచినప్పుడు మునిగిన ఊరు అది. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు చూసే సదుపాయం ఉంది. ఇప్పుడది ఫోన్ యాప్‌లో కూడా వచ్చింది. తేదీ గీతను వెనక్కి జరిపితే నీరు తొలగింది. కప్పులు, వీధులు, చెట్ల నీడలు. మొదట ఆయనకు ఏమీ అర్థం కాలేదు. పైనుంచి ఊరిని ఎప్పుడు చూశాడు గనక. మా వాడు రోడ్డును చూపించి, బస్సు ఇటు నుంచి వచ్చేదా తాతా అన్నాడు. అంతే, అక్కడి నుంచి ఆయన వేలు తనంతట తనే నడిచింది. గుడి, బోరింగు, చింతచెట్టు, సందు.

"ఇదే. ఐదంకణాల మిద్దె."

కొలమన్నాడు. కొలిచాం. పొడవు 14 మీటర్లు వచ్చింది. అంత లేదన్నాడు. చిత్రంలో ఒక చుక్క అర మీటరు దాకా ఉంటుంది, మీటరు అటూఇటూ తప్పొచ్చని మా వాడు చెప్పబోయాడు. పెద్దాయన వినిపించుకోలేదు. తెర మీదికి వంగి, ఈ చివరన నీడ కొంచెం వేరుగా ఉంది చూడు, అది మిద్దె కాదు, పశువుల కొట్టం, రేకులేసినాము అన్నాడు. పెద్దగా చేసి చూస్తే ఆయన మాటే నిజం. కప్పు రంగులో సన్నటి తేడా ఉంది. మా ఇద్దరి కళ్ళకూ అది ఒకే ఇల్లు. గీతను కొట్టం దగ్గర ఆపి కొలిస్తే 11 మీటర్లు. అవును, అంతే ఉంటాది అన్నాడు.

ఈలోగా టీ అంగడి చుట్టూ ఇంకో ముగ్గురు చేరారు. ఇల్లు ఇటు, కాదు అటు అని వాదన. చిత్రాన్ని తేదీతో, నాలుగు మూలల అక్షాంశ రేఖాంశాలతో సేవ్ చేసి పెద్దాయన కొడుకు నంబరుకు వాట్సాప్‌లో పంపాం. ఫోన్లో వద్దు, కాగితం మీద కావాలన్నాడు. ఎదురుగా జిరాక్స్ షాపుంది. కలర్ ప్రింటు వస్తుందన్నారు. మా వాడు లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఆగు నాయనా. పేర్లు లేకుండా తీస్తే రేపు మనవళ్ళకు ఏం తెలుస్తాది? రాసుకో. ఇది రచ్చబండ. ఇది సాకలి వీధి. దీని ఎనక కళ్ళం."

మా వాడు ఒక్కో చోట పిన్ను పెడుతూ తెలుగులో టైపు చేయడం మొదలుపెట్టాడు. కళ్ళం ఎక్కడ ముగిసేదో ముగ్గురికీ కుదరక కొంతసేపు ఆగింది. నాకు రైలు టైమవుతోంది. మామా, నువ్వు పోయి టికెట్ సంగతి చూడు, పడమటి వీధి ఇంకా మిగిలే ఉంది అన్నాడు వాడు, తల ఎత్తకుండా.